తిమ్మిరి చేప నుండి చేతిపెట్టె వరకు

విజయనగరము నుండి శ్రీకాకుళము రోడ్డు వైపు పోవు రైలుమార్గములో గరివిడి ఒక స్టేషను. దాని సమీపముననే కోడూరు గనులున్నవి. మన దేశములో మాంగనీసు ఖనిజమును త్రవ్వి తీయుట మొట్టమొదట 1892లో ఈ ప్రాంతముననే ప్రారంభమైనది. తరువాత 1950ల చివరి భాగములో గరివిడిలోనే ఫెర్రో మాంగనీసు కర్మాగారము నెలకొల్పబడినది. అట్టి కర్మాగారములలోని విద్యుత్ కొలుములలో వేల ఆంపియర్ల ప్రవాహము ఖనిజమును కరిగించును.

అదే విద్యుత్తు ఆంపియరులో వెయ్యవ వంతులుగా శరీరములో ప్రవేశించినచో ఏమగును? నొప్పి తగ్గించగలదా? ఈనాడు మందుల దుకాణములలో అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెలు అమ్మకమునకు వచ్చినవి. వాటి తీగల కొనలనున్న అంటుడు బిళ్ళలను నడుము మీదనో, మోకాలి మీదనో అతికించి మీట నొక్కినచో చర్మము జివ్వుజివ్వుమనును. చర్మము మీదుగా నాడులను విద్యుత్తుతో ప్రేరేపించు ఈ సాధనమును వైద్యులు క్లుప్తముగా 'టెన్స్' అందురు. కాయకష్టము చేసి నడుము పట్టినవారు, మోకాళ్ళు అరిగినవారు దీనిని కొనవచ్చునా, కొన్నచో ఎట్టిది కొనవలెను అన్న ప్రశ్న సహజము. దీనికి సమాధానము చాలవరకు ఈ సాధనపు చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్రకు మన ఉత్తరాంధ్ర తీరముతో కొంత సంబంధమున్నది.

చేప నేర్పిన పాఠము

క్రీ. శ. 47 ప్రాంతమున స్క్రిబోనియస్ లార్గస్ అను రోమను వైద్యుడు ఒక చికిత్సా గ్రంథము వ్రాసినాడు. తీరని తలనొప్పికి బ్రదికియున్న టార్పీడో చేపను నొప్పియున్న చోట ఉంచవలెననియు, కాలి కీళ్ళ వాతమునకు తడిసిన సముద్రపు ఒడ్డున ఆ చేపపై పాదముంచి, మోకాలి వరకు తిమ్మిరి ఎక్కువరకు నిలువవలెననియు ఆయన చెప్పినాడు. విద్యుత్తు అను మాటయే పుట్టని కాలమది. చేప శరీరము నుండి ఏమి వచ్చుచున్నదో ఆయనకు తెలియదు. తిమ్మిరి ఎక్కినచోట నొప్పి అణగునని మాత్రము గమనించినాడు.

ఇట్టి చేపలు బంగాళాఖాతములోను ఉన్నవి. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నమున పనిచేసిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన 200 చేపలను వర్ణించి, బొమ్మలతో వ్రాసిన గ్రంథము 1803లో లండనులో వెలువడినది. ఆయన చేపలకు స్థానికులు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినాడు. ఆ గ్రంథము మొదటనే రెండు చేపలున్నవి. ఒకదాని పేరు 'టెమెరీ', రెండవదాని పేరు 'నల్ల టెమెరీ'. ఈ మాట మన 'తిమ్మిరి'యే అని తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ముట్టుకొన్న చేతిని తిమ్మిరెక్కించు చేపకు బెస్తలు ఆ గుణమునే పేరుగా పెట్టుకొన్నారు.

ఆ తిమ్మిరి విద్యుత్తు వలన కలుగునదేనని ప్రయోగములతో చూపినవాడు జాన్ వాల్ష్. ఈయన 1726లో మద్రాసు కోటలో పుట్టి, క్లైవునకు కార్యదర్శిగా ఉండి, పిమ్మట ఇంగ్లండులో శాస్త్ర పరిశోధనకు దిగినాడు. 1772లో ఫ్రాన్సు తీరమున టార్పీడోలపై ప్రయోగములు చేసి, చేప కొట్టు దెబ్బ లీడెన్ జాడీ కొట్టు దెబ్బ వంటిదని తేల్చినాడు. లోహముల ద్వారా ఆ దెబ్బ ప్రసరించును. గాజు ద్వారా ప్రసరించదు. 1773లో జాన్ హంటర్ ఆ చేపను కోసి చూడగా, తలకు ఇరుప్రక్కల నున్న అవయవములలో పలుచని బిళ్ళలు ఒకదానిపై నొకటి పేర్చిన స్తంభములు కనిపించినవి. ఒక్కొక్క అవయవములో అట్టి స్తంభములు సుమారు 470 అని ఆయన లెక్కించినాడు.

ఈ పేర్పు వృథా పోలేదు. 1800లో వోల్టా తుత్తునాగము, వెండి బిళ్ళలను ఉప్పునీట తడిపిన అట్టముక్కలతో ఎడము చేసి దొంతరగా పేర్చినాడు. అదే మొదటి విద్యుద్ఘటమాల. దానిని ఆయన టార్పీడో చేపలోని అవయవముతో పోల్చి, కృత్రిమ విద్యుదవయవమని పిలిచినాడు. అనగా ఈనాటి బ్యాటరీకి చేప ఒక నమూనా అయినది.

చేతికి ఇమిడిన విద్యుత్తు

వోల్టా దొంతరలోని ద్రవము ఎండిపోవును. ప్రవాహము త్వరలో క్షీణించును. రోగి ఇంటికి మోసుకొనిపోవుటకు అది పనికిరాదు. 1866లో లెక్లాంషే తుత్తునాగపు కడ్డీ, నవాసాగర ద్రావణము, బొగ్గు కడ్డీ చుట్టును మాంగనీసు డయాక్సైడు గల ఘటమును రూపొందించినాడు. ఘటము పనిచేయునపుడు బొగ్గు కడ్డీపై హైడ్రోజను పేరుకొని ప్రవాహమును అడ్డును. మాంగనీసు డయాక్సైడు దానిని తొలగించును. ఇరువది సంవత్సరముల తరువాత, 1886లో, జర్మను వైద్యుడు కార్ల్ గాస్నర్ ద్రావణమునకు బదులు ముద్దను వాడి, ఒలకని ఘటమునకు పేటెంటు పొందినాడు. టార్చిలైటులో వేయు సెల్లు దాని సంతతిదే. 1950ల చివర లూయిస్ ఉర్రీ రూపొందించిన ఆల్కలీ సెల్లులోను ధనధ్రువ పదార్థము మాంగనీసు డయాక్సైడే.

కోడూరు, గరివిడి ప్రాంతపు ఖనిజము ప్రధానముగా ఉక్కు పరిశ్రమకే పోయినది. అయినను ఆ నల్లరాతిలోని మూలకమే లేకున్నచో, జేబులో పట్టు విద్యుత్తు ఇంత త్వరగా మానవునకు దక్కెడిది కాదు. నొప్పి పెట్టెలలో ఎన్నిటికో శక్తినిచ్చిన 9 వోల్టుల ఆల్కలీ బ్యాటరీ అనగా, 1.5 వోల్టుల చిన్న మాంగనీసు ఘటములు ఆరు వరుసగా కూర్చినదే.

విద్యుత్తు చేతికి దొరికినంతనే దానిని అమ్ముకొనువారును బయలుదేరినారు. 19వ శతాబ్దమున విద్యుత్ నడికట్టులు, విద్యుత్ కడియములు సర్వరోగ నివారిణులని ప్రచారము జరిగినది. 1919లో అమెరికాలో కెంట్ అనువాడు ఎలెక్ట్రీట్ అను చేతి సాధనమునకు పేటెంటు పొందినాడు. రూపములో అది నేటి టెన్స్‌కు దగ్గరి బంధువు. అది నొప్పికే గాక అనేక రోగములకు మందని చెప్పబడినది. 1938 నాటి అమెరికా ఆహార, ఔషధ చట్టము వచ్చిన తరువాత, నొప్పి ఉపశమనము తప్ప మరేమియు చెప్పరాదని కట్టడి చేయబడినది. సాధనము చేయగలిగినది ఒకటి, దాని పెట్టెపై వ్రాసినది మరొకటి. ఈ భేదము నేటికిని గుర్తుంచుకొనదగినది.

వెన్నుపాములోని ద్వారము

నొప్పి ఎట్లు తగ్గునో చెప్పు సిద్ధాంతము 1965లో వచ్చినది. మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు దానిని ప్రతిపాదించినారు. దెబ్బ తగిలినంతనే పిల్లవాడు ఆ చోటును చేతితో రుద్దుకొనును. తల్లియు అట్లే రుద్దును. రుద్దినచో నొప్పి ఏల తగ్గవలెను?

స్పర్శను మోయు నాడీతంతువులు లావైనవి. వాటిలో వార్త సెకండుకు 30 నుండి 70 మీటర్ల వేగముతో పోవును. సలుపు నొప్పిని మోయు తంతువులు సన్ననివి. వాటి వేగము సెకండుకు 2 మీటర్లకు మించదు. రెండును వెన్నుపామును చేరును. అక్కడ ఒక ద్వారము వంటి ఏర్పాటున్నదనియు, లావు తంతువుల వార్తలు ముమ్మరముగా వచ్చినపుడు ఆ ద్వారము కొంత మూసుకొని నొప్పి వార్తలను అడ్డుననియు వారి వాదము. ఇందలి వివరములు కొన్ని తరువాత సవరింపబడినవి. శరీరము తానే తయారుచేసికొను నల్లమందు వంటి పదార్థములకును ఇందులో పాత్ర ఉన్నదని తెలిసినది. మూలభావము మాత్రము నిలిచినది.

1967లో వాల్, స్వీట్ అనువారు నాడులను విద్యుత్తుతో ప్రేరేపించి దీర్ఘకాలపు నొప్పిని తాత్కాలికముగా అణచవచ్చునని ప్రకటించినారు. అదే సంవత్సరమున షీలీ అను శస్త్రవైద్యుడు వెన్నుపాముపైననే విద్యుదగ్రమును అమర్చినాడు. అది పెద్ద శస్త్రచికిత్స. అది ఎవరికి పనికివచ్చునో ముందుగా తెలిసికొనుటకు వైద్యులు చర్మముపై విద్యుత్ ప్రేరణ ఇచ్చి చూచెడివారు. కొందరు రోగులకు ఆ పరీక్షతోనే నొప్పి తగ్గినది, శస్త్రచికిత్స అక్కరలేకపోయినది! పరీక్షకై వచ్చినది చికిత్సగా నిలిచినది. 1974లో రోగి ఒంటిపై ధరించదగిన సాధనమునకు అమెరికాలో పేటెంటు లభించినది. ట్రాన్సిస్టర్ల వలన పెట్టె చిన్నదై, ధర అందుబాటులోనికి వచ్చినది.

ఎంత ఫలము?

ఈ ప్రశ్నపై వైద్యలోకములో ఏకాభిప్రాయము లేదు. 2022లో జాన్సన్, ఆయన సహచరులు 381 ప్రయోగములను కలిపి పరిశీలించి, సాధనము పనిచేయుచున్నంతసేపును, ఆపిన వెంటనేయు ఉత్తుత్తి సాధనము కంటె నొప్పి తక్కువగా ఉండునని మధ్యరకపు విశ్వసనీయతతో నిర్ణయించినారు. కాని బ్రిటనులోని జాతీయ మార్గదర్శక సంస్థ 2016లో నడుము నొప్పికిని, 2022లో కీళ్ళ అరుగుదలకును దీనిని సూచింపవద్దన్నది. రెంటిని కలిపి చదివినచో తేలునది ఇది: టెన్స్ కొందరికి తాత్కాలిక ఉపశమనమునిచ్చును, రోగమును మాన్పదు. అరిగిన ఎముకను తిరిగి పెంచదు. నడక, వ్యాయామము చేయుటకు వలసినంత ఓర్పును కలిగించుటయే దాని ప్రయోజనము.

ఎంపికలో చూడవలసినవి

మొదట చూడవలసినది ప్రవాహము, దాని వ్యవధి. చర్మము, విద్యుదగ్రములు కలిసి సుమారు 1,000 ఓముల నిరోధము గలవనుకొందము. 30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమునకు ఓము సూత్రము ప్రకారము 30 వోల్టులు కావలెను. 9 వోల్టుల బ్యాటరీ నుండి దీనిని పెట్టెలోని వలయము పెంచి ఇచ్చును. ఒక్కొక్క స్పందనము 200 మైక్రోసెకండ్లు మాత్రమే ఉండును. అనగా ఒక్క స్పందనములో పోవు విద్యుదావేశము 6 మైక్రోకూలుములు. సెకండుకు 100 స్పందనములైనను సగటు ప్రవాహము 0.6 మిల్లీ ఆంపియరే. ఇంత అల్పమైనందుననే ఇది క్షేమకరమైనది. మంచి సాధనములో ప్రవాహబలము, స్పందన వ్యవధి, సెకండుకు స్పందనల సంఖ్య అను మూడింటిని విడివిడిగా మార్చుకొను వీలుండవలెను; వాటి అంకెలు పుస్తకములో స్పష్టముగా అచ్చై ఉండవలెను. 'పది విధములు, ఇరువది విధములు' అను ప్రచారము కంటె ఈ మూడు అంకెలు ముఖ్యము.

రెండవది విద్యుదగ్రములు. 5 సెంటీమీటర్ల చదరపు బిళ్ళ వైశాల్యము 25 చదరపు సెంటీమీటర్లు. అంచు లేచి సగమే అంటియున్నచో, అదే ప్రవాహము సగము చోటులో పోవును. సాంద్రత రెట్టింపై చర్మము చురుక్కుమనును. బిళ్ళలు అరిగిపోవు వస్తువులు. కనుక అవి విడిగా దొరకునా, ఎంత ధర అని పెట్టె కొనుటకు ముందే విచారించవలెను.

మూడవది భద్రత. తీగ కొన గోడలోని విద్యుత్ సాకెట్టులో దూరనట్టిదై ఉండవలెను. చార్జి చేయు రకమైనచో, చార్జి అగుచుండగా ఒంటికి తగిలించరాదు. మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరములన్నియు ఔషధ చట్టపు పరిధిలోనికి వచ్చినవి. పెట్టెపై తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. కండరములను ఆడించుటకు ఉద్దేశించిన సాధనములు వేరు. పేరు చూచి మోసపోరాదు.

గుండెలో పేస్‌మేకరు గలవారు దీనిని వాడరాదు. మూర్ఛరోగులు, గర్భిణులు వైద్యుని అడుగక వాడరాదు. మెడ ముందుభాగమున, పుండుపడిన చర్మముపైన, స్పర్శ తెలియని చోట బిళ్ళలు అతికించరాదు. మధుమేహము వలన పాదములు మొద్దుబారినవారు దీనిని ముఖ్యముగా గమనించవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కారణము తెలియని నొప్పిని ముందు వైద్యునకు చూపవలెను. నొప్పి శరీరము చేయు హెచ్చరిక. ఛాతీ నొప్పిని కండరాల నొప్పిగా ఎంచి బిళ్ళలు అతికించుకొని కూర్చున్నచో ప్రాణమునకే ముప్పు రావచ్చును.

చివరిమాట షీలీ నాటి అనుభవము చెప్పునదే: మొదట పరీక్ష, తరువాత ఖర్చు. ఫిజియోథెరపీ వైద్యుని వద్ద రెండు మూడుసార్లు వాడి చూచి, గుణము కనబడిన పిమ్మటనే కొనుట వివేకము. గుణము లేనివారికి ఎంత ఖరీదైన పెట్టెయు గుణమీయదు. విశాఖ తీరమున తిమ్మిరి చేపను ముట్టుకొన్న బెస్తకు ఆ చేప గుణము మొదట చేతికి తెలిసినది. పేరు తరువాత పెట్టినాడు.