ఆర్ట్స్ కాలేజీ చుట్టూ వందేళ్లు

హైదరాబాద్‌లోని విద్యానగర్, అడిక్‌మెట్ సందుల్లో గేటుకో అట్టముక్క వేలాడుతుంది. పైన పెద్ద అక్షరాలతో ‘టు లెట్’. కింద ‘బ్యాచిలర్లకు’ అనో, ‘ఫ్యామిలీకి మాత్రమే’ అనో చిన్న అక్షరాలు. ఆ రెండో మాట చదివితే ఇంటివాళ్ల సంగతి సగం తెలిసిపోతుంది. ‘బ్యాచిలర్లకు’ అని ఉంటే పై అంతస్తును గదులు గదులుగా విడగొట్టేశారన్నమాట. గదికి ముగ్గురో నలుగురో చాపలు పరుచుకుని గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతుంటారు.

ఈ నేల ఒకప్పుడు కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. ఆమె 1824లో కన్నుమూసింది. ఆనాటి మెట్లబావి ఇప్పటి ఇఫ్లూ ప్రాంగణంలో ఉంది. 1917లో ఏడో నిజాం ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. మొదట్లో తరగతులు గన్‌ఫౌండ్రీ దగ్గర నడిచాయి. అడిక్‌మెట్ గుట్టల మీద ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది పడింది, 1939 డిసెంబరులో భవనం తెరుచుకుంది.

ఆ భవనమంతా బండరాయి. దాన్ని కొట్టి, చెక్కి, మోసినవాళ్లలో వడ్డెరలు చాలామంది. పని అయిపోయాక కొందరు తిరిగి వెళ్లకుండా ఇక్కడే గుడిసెలు వేసుకున్నారని పెద్దలు చెబుతారు. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వరి నగర్‌ను జనం ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల పేటల చరిత్రను ప్రొఫెసర్ల బంగళాల నుంచి కాకుండా ఈ బస్తీ నుంచి మొదలుపెట్టడమే న్యాయం.

1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. ఆ ఒక్క మార్పుతో ఎవరు చదవడానికి వస్తారు, ఎవరు పాఠం చెబుతారు అన్నది కూడా మారిపోయింది. ఆ పైన పరిశోధన సంస్థలు వరసగా వచ్చాయి. 1944లో మొదలైన ప్రయోగశాల 1956లో సీఎస్‌ఐఆర్ చేతికి వెళ్లింది. అదే నేటి ఐఐసీటీ. పోషకాహార ప్రయోగశాల 1958లో కూనూరు నుంచి తరలివచ్చింది. అదే ఏడాది సీఫెల్ (నేటి ఇఫ్లూ), 1961లో ఎన్‌జీఆర్‌ఐ, 1977లో సీసీఎంబీ.

దాంతో తార్నాక, హబ్సిగూడ జీతగాళ్ల పేటలయ్యాయి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పుణ్యమా అని తమిళులు, ఆంగ్లో ఇండియన్లు ఆ పక్కన ముందే ఉన్నారు. ఆ తర్వాత బెంగాలీ శాస్త్రవేత్త, మలయాళీ టెక్నీషియన్, కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్ ఒకే వీధిలో పక్కపక్కన స్థలాలు కొన్నారు. అప్పు చేసి కట్టిన ఇల్లు, ముందు మామిడి చెట్టు, వెనక బావి. పదవీ విరమణ నాటికి అప్పు తీరేది. అప్పటి జీతాలకు అంతకు మించి ఆశ పడే వీలూ లేదు.

ఆ ఇళ్ల పిల్లలు చదువుకుని అమెరికా వెళ్లారు. పెద్ద ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు మిగిలారు. 2006 జనవరి నుంచి వర్తించిన ఆరో వేతన సంఘం సిఫార్సులతో కేంద్ర ఉద్యోగుల పెన్షన్లు బాగా పెరిగాయి. ఈలోపు గజం ధర పెరిగిన తీరు ముందు ఆ పెన్షన్ కూడా చిన్నబోయింది. బిల్డరు వచ్చి సగం ఫ్లాట్లు మీకు, సగం నాకు అన్నాడు. మామిడి చెట్టు పోయి స్టిల్ట్ పార్కింగ్ వచ్చింది.

2017 నవంబరులో తార్నాక మీదుగా మెట్రో పరుగు పెట్టింది. 2019లో అదే లైను హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా సాగింది. అప్పటి నుంచి ఐటీ ఉద్యోగికి గచ్చిబౌలి అద్దె కట్టక్కర్లేకుండా ఇక్కడ ఉండే వీలు చిక్కింది. భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఆ ఇంటి ముందు ఒక్క జీతం మీద నడిచే పాత కుటుంబం అద్దెల్లో పోటీపడలేకపోతోంది.

మరి విశ్వవిద్యాలయం మాటేమిటి? శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి దాదాపు ఆగిపోయాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులే చాలా తరగతులు మోస్తున్నారు. ఒకప్పుడు ఇక్కడ పాఠం చెప్పే మనిషి తార్నాకలో స్థలం కొనేవాడు. ఈరోజు అదే పాఠం చెప్పే మనిషి అదే తార్నాకలో అద్దె కట్టలేక బోడుప్పల్ దాటి వెళ్తున్నాడు. ఈ వందేళ్ల మార్పుల్లో అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

విద్యార్థుల ముఖాలూ మారాయి. స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆసరాతో పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్ పల్లెల నుంచి దళిత, గిరిజన, బీసీ కుటుంబాల పిల్లలు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లు, పెద్ద సంఖ్యలో వస్తున్నారు. పీజీ అయ్యాక హాస్టల్ ఖాళీ చేసినా ఊరికి వెళ్లరు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ విద్యానగర్ గదుల్లోకి మారతారు. ఇంటి నుంచి వచ్చే డబ్బు పత్తి అమ్మిన నెలలో ఒకలా, మిగతా నెలల్లో మరోలా ఉంటుంది. నల్లకుంట కూరగాయల మార్కెట్లో సాయంత్రం ధర తగ్గాక టమాటాలు కొనే కుర్రాళ్లలో వీళ్లుంటారు.

తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద తార్నాక పెన్షనర్లు, కొత్త ఫ్లాట్ల దంపతులు వాకింగ్ చేస్తుంటారు. అదే వేళకు మాణికేశ్వరి నగర్ ఆడవాళ్లు క్యాంపస్ మీదుగా అడ్డదారిన నడుస్తూ ఆ ఫ్లాట్లలో అంట్లు తోమడానికి వెళ్తుంటారు. వాళ్ల దారి పక్కన ఆర్ట్స్ కాలేజీ బండల మీద ఉలి గీతలు ఎండ పడగానే ఒక్కొక్కటిగా తేలతాయి.