సంగ్రహణి రోగము – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన

శతవార్షిక సంచికలో మందిరముల చరిత్ర, పాదిరుల చరిత్ర ఉండడం వాడుక. మేము ఒక రోగము చరిత్ర రాయబూనుకున్నాము. కారణము లేకపోలేదు. దుమ్మగూడెం, చర్ల ప్రాంతములలో, గోదావరి గట్టున, అడవి అంచున పరిచర్య చేసినవారందరికీ తెలిసిన సంగతే: వానలు పడి వాగులు పొంగితే ఇంటింటికీ వచ్చేది కడుపు జబ్బు. కడుపు జబ్బులలో మహా మొండిది సంగ్రహణి. ఇంగ్లీషు వైద్యములో దీనికి స్ప్రూ అని పేరు. చిన్నపేగు లోపలి పొర చెడి, తిన్నది ఒంటికి పట్టదు. ఆగని విరేచనములు, నాలుక పూత, రక్తహీనత. కండ కరిగి మనిషి చిక్కి శల్యమవుతాడు.

ఈ రోగముతో పోరాడినవారిలో మన తెలుగువాడొకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నములో గాని గట్టెక్కలేదు. సన్యాసము పుచ్చుకొని రామకృష్ణ మఠములో చేరాలనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరి, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపయింది. తక్కిన పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ ఆచార్యుని దయ ఉంటే సుబ్బారావు గారు ఏ జిల్లా ఆసుపత్రిలోనో సర్జనుగా స్థిరపడేవారేమో!

అంతలో ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం గారిని సంగ్రహణి మింగింది. ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు పోయారు. తరువాత అదే రోగము సుబ్బారావు గారినీ పట్టుకుంది. ఆయనను బ్రతికించినది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదము. తాను చదివిన వైద్యము చేయలేనిది మరొక వైద్యము చేసింది. ఎందుకు చేసిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ ప్రశ్నే ఆయనను సముద్రము దాటించినదని మా అభిప్రాయము.

1922లో మామగారి సాయముతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదివారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా చేశారు. రక్తములో భాస్వరమును కొలిచే పద్ధతి 1925లో ఫిస్కేతో కలిసి కనుగొన్నారు. నేటికీ ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగమివ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధనలకు నాయకత్వము వహించారు.

అప్పటికి ఒక జాడ మన దేశములోనే దొరికి ఉన్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో రక్తహీనులైన గర్భిణీలకు ఈస్టు సారము తినిపించి గుణము చూపించి, 1931లో ప్రకటించారు. ఈస్టులోని ఆ వస్తువేమిటో తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి చిటికెడు పదార్థము తీసి, ఆకు అనే లాటిను మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు ఉడికిస్తే రోగికి మందు అందేదెన్నడు? సుబ్బారావు గారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆ వ్యాసము మీద పదిహేనుకు పైగా పేర్లున్నవి. ఆయన పేరు నడుమ ఎక్కడో ఉంటుంది. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, పోర్టోరికోలలోని సంగ్రహణి రోగులకు ఆ మందు ఇవ్వగా నాలుక పూత మానింది, రక్తము పెరిగింది.

ఇక్కడొక విశేషము. ఫోలిక్ ఆమ్లము ఒక్కటే అందరికీ చాలలేదు. పేగులోని సూక్ష్మజీవులకు టెట్రాసైక్లిన్ కూడా కలిపి ఇవ్వడం తరువాత స్థిరపడిన చికిత్స. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది కూడా సుబ్బారావు గారి ప్రయోగశాల నుండే. 1960ల ఆరంభములో తమిళ గ్రామములలో సంగ్రహణి ప్రబలినప్పుడు దానిని పరిశీలించినవారు మన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు బేకర్, మథన్ గార్లు.

క్యాన్సరుకూ ఇదే దారి. ఫోలిక్ ఆమ్లమును కొద్దిగా మార్చితే కణము మోసపోయి పెరుగుదల ఆపుతుంది. అట్టి అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందము అందించగా, డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితము ప్రకటించారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. పెద్దపేగు క్యాన్సరుకు సర్జను కోత పెట్టిన తరువాత ఎక్కించే ఫ్లూరోయురాసిల్‌కు బలమిచ్చేది ఫోలినిక్ ఆమ్లము. అదీ ఈ కుటుంబమే.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. స్వదేశము మళ్ళీ చూడలేదు. భార్య శేషగిరి గారిని మళ్ళీ కలుసుకోలేదు. 1995లో ప్రభుత్వము తపాలా బిళ్ళ వేసింది.

నేడు మన అడవి గూడెములలో నర్సమ్మ గర్భిణీలకు పంచే మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. విరేచనము నల్లగా అవుతుందని జడిసి కొందరు ఆ మాత్రలను చూరులో దోపి ఉంచుతారు. అది ఇనుము వలన వచ్చే రంగే గాని రోగము కాదు. సంఘ స్త్రీలు ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఈ మాట కూడా చెప్పవచ్చును.