పద్మనాభం యుద్ధం మా డైనింగ్ టేబుల్ మీద: రంగెయ్యక ముందు కథ

బొబ్బిలి యుద్ధం ఎప్పుడు జరిగిందని అడిగితే మీలో సగం మంది 1757 అని టక్కున చెప్పేస్తారు. సినిమాలొచ్చాయి, బుర్రకథలున్నాయి, తాండ్ర పాపారాయుడి పేరు వినని పిల్లాడు మన ఉత్తరాంధ్రలో ఉండడు. మరి పద్మనాభం యుద్ధం? మన భీమిలి నుంచి బండి మీద అరగంట. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, కింద కుంతీమాధవస్వామి గుడి, పక్కన గోస్తనీ. ఆ గోస్తనీయే వచ్చి ఇక్కడ మన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1794 జులై 10న ఆ పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు, ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు.

ఆ యుద్ధాన్ని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పెడదామని నాకో పిచ్చి పట్టింది. ఈ ఎపిసోడ్ దాని గురించే. కాకపోతే యుద్ధం కన్నా ఎక్కువ రోజులు ఇంకో పని మీద పోయాయి. బొమ్మకి రంగు వెయ్యడానికి ముందు చెయ్యాల్సిన పని. బోర్ కొడుతుందని స్కిప్ చెయ్యకండి, ఇందులో మన చరిత్ర చాలా దాక్కుంది.

తెలియని వాళ్ళ కోసం ఒక్క నిమిషం. టేబుల్‌టాప్ వార్‌గేమింగ్ అంటే బల్ల మీద కొండలు, చెట్లు, ఇళ్ళు పెట్టి, చిన్న చిన్న సిపాయి బొమ్మల్ని స్కేలుతో కొలుస్తూ కదిపి, పాచికలు వేసి ఆడే యుద్ధం. ఇప్పుడు ఎక్కువగా కనిపించే బొమ్మ సైజు 28 మిల్లీమీటర్లు. అంటే మీ బొటనవేలి మొదటి కణుపంత మనిషి. వాడికి కళ్ళు, మీసం, బొత్తాలు అన్నీ ఉంటాయి. బొమ్మ రంగు లేకుండా వస్తుంది, రంగు మనమే వేసుకోవాలి.

ఈ ఆట ఎక్కడ మొదలైందంటే చాలామంది ప్రష్యా పేరు చెప్తారు. 1824లో అక్కడ రైస్విట్జ్ అనే ఆఫీసర్ తన సైన్యానికి మ్యాప్ మీద ఆడే యుద్ధం తయారుచేసి ఇచ్చాడు. దానికన్నా ముందే జర్మనీలో, ముఖ్యంగా న్యూరెంబర్గ్‌లో, తగరంతో పల్చటి సిపాయిల్ని పోతపోసేవారు. రాతిపలక మీద అచ్చు చెక్కి, అందులో కరిగిన లోహం పోసేవారు. వాటికి రంగులు వేసింది ఎవరనుకున్నారు? ఇళ్ళల్లో కూర్చుని కూలికి పనిచేసిన ఆడవాళ్ళు, పిల్లలు. తర్వాత 1893లో ఇంగ్లాండులో విలియం బ్రిటన్ కంపెనీ ఒక ఉపాయం కనిపెట్టింది. కరిగిన సీసం అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మిగతాది బయటికి ఒంపేస్తే, లోపల డొల్లగా ఉన్న సిపాయి మిగులుతాడు. బరువు తక్కువ, ఖర్చు తక్కువ. 1913లో హెచ్.జి. వెల్స్, అవును, కాలయంత్రం నవల రాసిన ఆయనే, అలాంటి బొమ్మలతో ఇంట్లో నేల మీద ఆడుకునే ఆటకి రూల్స్ రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు.

సరే, నా బల్ల దగ్గరికి వద్దాం. టిప్పు సుల్తాన్ యుద్ధాల పేరుతో అమ్మే సెట్లలో కంపెనీ సిపాయిలు దొరికారు. ఎర్ర కోటు, తలపాగా, మోకాలి పైదాకా తెల్ల లాగు. విజయనగరం రాజు వైపు మనుషులు అని రాసున్న ప్యాకెట్ మాత్రం నేను వెతికినంతలో ఎక్కడా లేదు. అందుకని మైసూరు సైనికుల బొమ్మలు కొని, కొంత కోసి, కొంత అతికించి మనవాళ్ళుగా మార్చాలని ప్లాన్.

మొదటి పది బొమ్మలు ఏమయ్యాయో చెప్పనా? ప్యాకెట్ చించాను, రంగు వేశాను, ఫోటో తీశాను, స్టేటస్ పెట్టాను. నాలుగో రోజు వేలు తగిలితే, ఎండలో కమిలిన చర్మం ఊడినట్టు రంగు పొరలు పొరలుగా లేచొచ్చేసింది. మా అమ్మమ్మ పక్కనే ఉంది. "కడిగేవా ముందు?" అంది. లేదన్నాను. "ఆరబెట్టేవా? సుద్ద కొట్టేవా?" అంది. సుద్ద ఏంటమ్మమ్మా అంటే, లోపలికెళ్ళి తన బొమ్మల కొలువు పెట్టెలోంచి ఒక కొండపల్లి ఏనుగు తెచ్చింది. మా అమ్మ కన్నా పాతది. తొండం చివర పెచ్చు ఊడింది. ఊడిన చోట కర్ర కనపడట్లేదు. తెల్లగా, పలకలాగా నున్నగా ఒక పొర కనపడుతోంది. అదీ సుద్ద.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే మినియేచర్ హాబీ వాళ్ళు ఇంటర్నెట్‌లో గంటలు గంటలు చెప్పే 'ప్రైమర్' అదే. ఇక కొండపల్లి గురించి చదవడం మొదలుపెట్టాను.

కొండపల్లి బొమ్మ తెల్ల పొనికి అనే తేలికపాటి కర్రతో చేస్తారు. కర్రని ముందు బాగా ఆరనిచ్చి, వేడి చూపించి లోపలి తేమ పోగొడతారు. తేమ ఉన్న కర్ర తర్వాత పగులుతుంది, రంగుని తోసేస్తుంది. బొమ్మని ఒకే ముక్కలో చెక్కరు. ఒళ్ళు వేరు, చేతులు వేరు, ఏనుగైతే అంబారీ వేరు. వాటిని అతకడానికి మక్కు వాడతారు. చింతపిక్కల పిండితో చేసిన జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద అది. అతుకు పెట్టడమే కాదు, సందులు పూడ్చడం, ముక్కు, చెవి లాంటివి దిద్దడం కూడా మక్కుతోనే. అది ఆరాక రాపిడి పెట్టి నునుపు చేసి, పైన సుద్ద పూత. సుద్ద ఆరాకే రంగు.

ఇప్పుడు నా పక్కన చూడండి. ఇంగ్లీషు వాళ్ళ హాబీ పుస్తకాల్లో చెప్పే వరస: కొయ్యి, గీకు, కడుగు, ఆరబెట్టు, అతికించు, సందులు పూడ్చు, ప్రైమర్ కొట్టు. నేను సందులకి వాడేది ఎం-సీల్. రెండు ముద్దలు కలిపి నలిపితే గంటలో రాయైపోతుంది. దానితోనే రాజు మనుషులకి పంచె కుచ్చిళ్ళు పెట్టాను, తలపాగాలు చుట్టాను. అంటే మక్కు పని ఎం-సీల్ చేస్తోంది, సుద్ద పని ప్రైమర్ చేస్తోంది. నేను బీటెక్ చదివి, నాలుగేళ్ళు కోడ్ రాసి, విదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నది కొలువు పెట్టెలో ఎప్పట్నుంచో ఉంది.

అయితే అన్ని బొమ్మలకీ సుద్ద ఉండదు. మన పాత విశాఖ జిల్లాలోనే, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ పద్ధతి పూర్తిగా రివర్స్. అంకుడు కర్రని తరిణ మీద గిర్రున తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దాని మీద ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. అడుగు పూత అవసరమే లేదు, ఎందుకంటే రంగు పైన కూర్చోవట్లేదు, వేడితో అతుక్కుపోతోంది. కానీ గుండ్రంగా తిరిగే ఆకారాలకే ఈ పద్ధతి. తుపాకీ ఎత్తి పరిగెడుతున్న సిపాయిని తరిణ మీద తిప్పలేం కదా.

ఇంకో సంగతి. పద్మనాభం యుద్ధం జరిగిన రోజుల్లోనే విశాఖపట్నంలో పనివాళ్ళు ఏనుగు దంతంతో పెట్టెలు, చదరంగం బల్లలు, పావులు చేసి కంపెనీ దొరలకి అమ్ముతున్నారు. దంతం మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. నున్నటి దంతం మీద రంగు నిలవదు, అందుకని దానికి నిలబడే చోటు చెక్కిపెట్టారు. ఇప్పుడు ఆ పెట్టెలు లండన్ మ్యూజియంలలో ఉన్నాయి.

ఇక నా రెండో ప్రయత్నం. ఈసారి వరస తప్పలేదు. అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ మీద సన్నటి గీత పడుతుంది. మామూలుగా చూస్తే కనపడదు. రంగు పడ్డాక మాత్రం ముక్కు మీంచి గడ్డం దాకా కత్తిగాటులా తేలుతుంది. దాన్ని కత్తి వెనక వైపుతో మెల్లగా గీకాలి. ఇక్కడ సీరియస్‌గా ఒక మాట. పాత సీసం బొమ్మలు దొరికితే వాటిని ఆకురాయితో అరగదీసి ఆ పొడి పీల్చకండి, గీకిన చేతులతో బిర్యానీ తినకండి. బ్రిటన్ కంపెనీ డొల్ల సీసం బొమ్మలు 1966లో ఆగిపోవడానికి కారణం పిల్లల బొమ్మల్లో సీసం మీద వచ్చిన నిబంధనలే. రెజిన్ బొమ్మలైతే మాస్క్ పెట్టుకుని, నీళ్ళు తడుపుతూ రాయండి.

తర్వాత కడగడం. అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడి రావడానికి లోపల జారుడు పదార్థం రాస్తారు. మన అమ్మలు ఇడ్లీ ప్లేటుకి నూనె రాసినట్టే. అది బొమ్మకి అంటుకుని వస్తుంది. దాని మీద వేసిన రంగు నూనె మీద వేసినట్టే. నా మొదటి పది మందీ పోయింది ఇక్కడే. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్, అంతే. త్రీడీ ప్రింట్ రెజిన్ బొమ్మకైతే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆ తర్వాత అతినీలలోహిత కాంతి.

ఇక ప్రైమర్. కారు పెయింట్ షాపులో బూడిదరంగు సర్ఫేసర్ స్ప్రే డబ్బా కొన్నాను. డాబా ఎక్కాను. జులై నెల, భీమిలి, సముద్రం మీంచి ఉప్పుగాలి, ఒంటికి చొక్కా అతుక్కుపోతోంది. కొట్టాను. బొమ్మల మీద గరుకు గరుకుగా, బొబ్బట్టు మీద పిండి చల్లినట్టు పొర వచ్చింది. గాల్లో తేమ ఎక్కువుంటే స్ప్రే పాడవుతుంది. విదేశీ వీడియోల్లో వాళ్ళు "పొడి రోజు చూసుకోండి" అంటారు. మనకి పొడి రోజు కావాలంటే సంక్రాంతి దాకా ఆగాలి! చివరికి డబ్బా పక్కన పెట్టి, బ్రష్‌తో రాసే ప్రైమర్ తెచ్చుకుని, ఇంట్లో ఫ్యాన్ కింద పల్చగా రెండు పూతలు వేశాను. కొండపల్లిలో కర్రకి వేడి ఎందుకు చూపిస్తారో ఆ రోజు ఒంటికి తెలిసింది.

యుద్ధం జరిగింది కూడా జులైలోనే. అప్పటికి కథ ఏంటంటే, విజయనగరం కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ బకాయి పడింది. కంపెనీ 1793లో సంస్థానాన్ని తన చేతిలోకి తీసుకుని, రాజుని పింఛను తీసుకుని మద్రాసు వెళ్ళిపొమ్మంది. ఆయన వెళ్ళలేదు. పద్మనాభం వచ్చి కూర్చున్నాడు. వేల మంది ఆయన వెంట వచ్చారు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చి దాడిచేశాడు. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయన పక్కన నిలబడ్డ సర్దారులు అక్కడే చనిపోయారు. కొడుకు నారాయణబాబు కొండల్లోకి వెళ్ళిపోయాడు. తర్వాత కంపెనీ రాజీకొచ్చి అతనికి సంస్థానం తిరిగి ఇచ్చింది, కానీ చాలా తగ్గించి, కొండ జమీందార్లని విడదీసి.

ఈ బొమ్మలు చేస్తూ ఇంకో విషయం కూడా గమనించాను. ఆ ఎర్ర కోట్ల వాళ్ళెవరు? ఇంగ్లండ్ నుంచి ఓడల్లో దిగిన వాళ్ళు కాదు. కంపెనీ ఉత్తర సర్కారుల్లో కూడా సిపాయిల్ని చేర్చుకునేది. 1780 అక్టోబర్ 3న, హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మంటే, మన విశాఖపట్నంలోనే కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళకి పద్మనాభం.

అందుకే మొహాలకి రంగు కలిపేటప్పుడు రెండు డబ్బాలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేశాను. రెండు వైపులకీ ఒకే గోధుమ రంగు, ఒకే మీసాల నలుపు.

ప్రస్తుతానికి బల్ల మీద 64 మంది నిలబడ్డారు. ప్రైమర్ వేసి ఉన్నారు, అందరూ బూడిద రంగే. తలపాగా, లాగు చూస్తే తప్ప ఎవరు ఎటో చెప్పలేం. మా అమ్మమ్మ పొద్దున్న కాఫీ తాగుతూ వచ్చి చూసింది. "వీళ్ళలో రాజు ఎవడ్రా?" అంది. చూపించాను. మిగతా వాళ్ళని పక్కకి జరిపి కప్పు పెట్టుకుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఎర్ర కోట్లు వేస్తాం. పద్మనాభం చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ యుద్ధం గురించి చెప్పిన మాటలుంటే నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటాను మరి.