పాడిపెట్టి పోయిన గీత

ఎవురూ పోలేదు లేరా అబ్బీ. ఈ పొద్దు ఏకాదశి, ఆంజనేయసామి గుళ్లో పెట్టినారు, అంతే. మైకులో ఘంటసాల భగవద్గీత యినపడితే సాలు, "అబ్బా, ఎవురు సచ్చిపోయినారు?" అని అడుగుతారు మీరు. నిన్నని ఏం లాభం, ఊరంతా అట్లే అయిపాయ. నాకు మాత్రం ఆ మాట యిన్నప్పుడంతా కడుపులో దేవినట్లుంటాది. ఆ కందికట్టె మంటలోకి తోసి దగ్గరికి జరగండి. ఆయప్ప సంగతి చెప్తా.

ఆయప్పది మన సీమ గాదు. గుడివాడ తట్టు చౌటపల్లిలో 1922లో పుట్టినాడు. చిన్నప్పుడే నాయన పాయ. పాట నేర్చుకోవల్లని చేతి ఉంగరం అమ్ముకోని విజయనగరం పోయినాడు. ఆడ జోలె పట్టుకోని ఇల్లిల్లూ తిరిగి తిన్యాడు. పట్రాయని సీతారామశాస్త్రి అనే పెద్దాయన చేరదీసి సంగీతం చెప్పినాడు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ల వస్తాది.

1942లో క్విట్ ఇండియా అంటే ఆయప్ప గూడా దూకినాడు. తెల్లోడు పట్టుకోని 18 నెలలు జైల్లో ఏసినాడు. యాడనుకున్యారు? మన బళ్లారి అలీపురం జైల్లో! మన సీమ గాలి ఆ గొంతుకు అప్పుడే సోకిందని నా నమ్మకం.

ఆ తర్వాత మద్రాసు పాయ. పానగల్ పార్కులో పండుకోని రోజులు గడిపినాడు. కుక్కబొమ్మ రికార్డుల కంపెనీ హెచ్.ఎం.వి. ఉండ్లా, ఆడికి పోతే ఈ గొంతు మైకుకు పనికిరాదనిరి. ఆనక పేకేటి శివరాం పూనుకోని అదే కంపెనీలో పాడించినాడు. సినిమాలో మొదట పాడించింది మటుకు మన కడప జిల్లా మనిషే. పులివెందుల తట్టు పుట్టిన బి.ఎన్.రెడ్డి 1945లో తీసిన 'స్వర్గసీమ'లో భానుమతితో పాడినాడు. 116 రూపాయలిచ్చిరంట. ఆ బి.ఎన్.రెడ్డి తమ్ముడు నాగిరెడ్డి 'పాతాళభైరవి' తీస్తే, డైరెక్టరు తాడిపత్రి కె.వి.రెడ్డి, బాణీలు కట్టింది ఘంటసాల.

మా వయసులో మనూరికి టూరింగు టాకీసు వస్తాండె. పొద్దు గూకినాక 'నమో వెంకటేశా' రికార్డు పెట్టిరంటే టికెట్లు ఇస్తాండారని లెక్క. మేము చేన్లో ఉంటే ఎద్దుల్ని ఇడిసి ఉరుకుతాంటిమి. ఎనకనుంచి మా నాయన కేకలు! నేల టికెట్టు కొనుక్కోని, ఇసుక కుప్పగా దోసి దాని మింద కూచుంటే మారాజులమే. వానల్లేని యేడు దుడ్లు యాడివి? టెంటు గుడ్డకు చెవి ఆనించి బయటే నిలబడుకుంటాంటిమి. గుడ్డ ఎచ్చగా ఉండేది, పగలంతా కాగి. లోపల ఎవురు కొట్టుకుంటాండారో, ఎవురు ఏడుస్తాండారో తెలిసేది గాదు. ఘంటసాల పద్యం ఎత్తుకున్యాడంటే మాత్రం బయటోళ్లకూ లోపలోళ్లకూ ఒకటే. ఆ పద్యాలన్నీ నాకు అట్ల వొచ్చినవే.

1970లో పద్మశ్రీ ఇచ్చిరి. అప్పటికే ఒళ్లు సహకరించలా. చక్కెర జబ్బు, దానికి తోడు గుండె నొప్పి. అట్లుండంగనే భగవద్గీత పట్టుకున్యాడు. 700 శ్లోకాల్లోనుంచి నూటికి పైగా ఏరి, ఒక్కోటి పాడి, దాని తాత్పర్యం తనే తెలుగులో చెప్పినాడు. పక్కనుండి సంగీతం పని చూసింది ఎవురనుకున్యారు? విజయనగరంలో అన్నం పెట్టి పాట చెప్పిన ఆ సీతారామశాస్త్రి కొడుకు, సంగీతరావు. కంపెనీ కూడా ముందు పనికిరావు పొమ్మన్న కంపెనీనే.

పాడి పెట్టినాడు గానీ, రికార్డు బజారుకు రాకముందే 1974 ఫిబ్రవరి 11న పోయినాడు. 51 ఏండ్లు, అంతే. ఏ అంగడి ముందరన్నా అది తిరగతాంటే జనం నిలబడి యింటారా లేదా అని చూసుకునే రాత ఆయప్పకు లేకపాయ.

నేను మొదట యినింది నంద్యాలలో, శ్రీరామనవమి పందిట్లో. మైకుసెట్టాయన నల్లటి పళ్లాన్ని పంచె కొంగుతో తుడిసి, ముల్లు మెల్లిగా దించినాడు. గర్రుమనింది. అంతే, ఆ గొంతు. మా అమ్మ పానకం గలాసు చేతిలోనే పెట్టుకోని, "ఈయప్ప మన మాటల్లో చెప్తాండాడే!" అనింది. అచ్చరమ్ముక్క రాదు ఆమెకు. ఆ పందిట్లో సావు మాట ఎవురికీ తోచలా.

క్యాసెట్లు వొచ్చినాకనే ఇది సావింటికి పాయ. మా అమ్మ మంచాన పడినప్పుడు నన్ను పిలిసి, "నేను పోయినాక మైకు పెట్టాకురా నాయనా, అప్పుడు నాకేం యినపడ్తాది. ఇప్పుడు పెట్టు" అనింది. టేపురికార్డరు తలాపున పెట్టి దినామూ సాయంత్రం యినిపించినా. అర్జునుడు విల్లు పారేసి కూలబడేకాడ "పాపం, పిల్లోడు" అంటాండె. ఆమె పోయిన పొద్దు మైకు కట్టనీలే. ఊర్లో నన్ను తిట్టినోళ్లు తిట్టినారు.

గుళ్లో ఆపేసినట్లుండారు. నీ సెల్లులో వస్తాది గదా, మొదటి నుంచి పెట్టు. ముందు ఆ బుడ్డలు తిప్పురా, మాడతాండాయి.