జిల్లా పేరుతో జాబితా వడపోత - మేడారం ఉదాహరణ

జిల్లాలవారీ జాబితాలో డ్రాప్‌డౌన్ మెనూ నుంచి ఒక పేరును ఎంచుకుంటే, ఆ పేరుతో నమోదైన అంశాలు మాత్రమే తెరపై కనిపిస్తాయి. తక్కినవి తొలగిపోవు, మరుగున ఉంటాయి.

రెండేళ్లకొకసారి జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర ఇందుకు తగిన ఉదాహరణ. 2016 ఫిబ్రవరి జాతర నాటికి మేడారం వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరగా, 2018 జాతర ఆ జిల్లాలో జరిగింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడగా, 2020 జాతర నుంచి ఆ పేరే వర్తిస్తోంది.

పాత నమోదుల్లో జిల్లా పేరు మార్చని జాబితాలో ‘ములుగు’ను ఎంచుకున్నవారికి 2016, 2018 జాతరల సమాచారం లభించదు. కావున పాత్రికేయులు, అధికారులు సంఘటన తేదీనాటి జిల్లా పేరును ఎంచుకోవలసి ఉంటుంది. జాబితా ఖాళీగా కనిపించినంత మాత్రాన సమాచారం లేదని భావించరాదు.