మాంట్‌ఫర్ట్ అనే ఊరు

హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు వెళ్తే మాంట్‌ఫర్ట్ సోషల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. సెయింట్ గేబ్రియల్ బ్రదర్స్ నడిపే సంస్థ అది. హబ్సిగూడ పేరులో హబ్షీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారని చెబుతారు. గూడ మనకు కొత్త మాట కాదు. మాంట్‌ఫర్ట్ కూడా ఒక ఊరి పేరే.

ఫ్రాన్సులో పడమటి కొస బ్రిటనీ. అక్కడి మాంట్‌ఫర్ట్‌లో 1673 జనవరి 31న లూయీ మరీ గ్రిన్యోన్ పుట్టారు. తండ్రి న్యాయవాది, కాబట్టి ఆయన్ని పేద రైతు బిడ్డ అనడం సరికాదు. కానీ బాల్యం దగ్గరలోని పల్లెలో గడిచింది. పెద్దయ్యాక ఇంటిపేరు వదిలి, బాప్తిస్మం పొందిన ఊరి పేరుతోనే పిలిపించుకున్నారు. ఇప్పుడు ఈ సభవాళ్లు, భక్తులు ఆ పుట్టినింటికి యాత్రగా వెళ్తారు. చివరికి ఆయన 1716లో కన్నుమూసిన సెయింట్ లారెంట్ అనే ఊళ్లో సమాధి దగ్గర ఆగుతారు.

దారిలో పోంషాతో గుట్ట ఉంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అదే. మాంట్‌ఫర్ట్ మాట విని చుట్టుపక్కల రైతులు 1709లో మట్టి మోసి గుట్ట పోశారు, పైన సిలువలు నిలపడానికి. ఏడాదికి పైగా కూలి లేని పని. తీరా ప్రతిష్ఠ సమయానికి 1710లో రాజు పద్నాలుగో లూయీ ఆజ్ఞ వచ్చింది: పడగొట్టండి. శత్రువులు దిగితే కోటగా వాడుకుంటారని అధికారుల అనుమానం. పోసిన రైతుల చేతనే, సైనికుల కాపలాలో, ఆ గుట్ట తవ్వించారు. తరవాతి శతాబ్దంలో జనం మళ్లీ కట్టుకున్నారు. ఊరివాళ్ల కష్టాన్ని పై అధికారం ఎలా చూస్తుందో మన గూడేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బ్రదర్స్‌కు రెండో మూలపురుషుడు గేబ్రియల్ దెషే. 1767లో బెన్యోన్ అనే బ్రిటనీ పల్లెలో పుట్టారు. విప్లవ కాలంలో చాటుమాటుగా గురువు పని చేశారు. తరవాత పల్లెలకు పంతుళ్లను తయారు చేశారు, చెవిటి పిల్లలకు బడి పెట్టారు. బ్రదర్స్ సభ పేరులోని గేబ్రియల్ ఆయన పేరిట దేవదూతే.

ఇక భాష సంగతి. మాంట్‌ఫర్ట్ తన భక్తిపాటలను జనం పాడుకునే బాణీల్లో కట్టారు. ఆ ప్రాంతపు పల్లెల మాట గాలో. ఇంకా పడమటికి వెళ్తే బ్రెటన్. కానీ 19వ శతాబ్దంలో బ్రిటనీ బడుల్లో బ్రెటన్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్క చెప్పు లాంటిదేదో వేలాడదీసేవాళ్లు. ఇంకో పిల్లవాడు అదే భాషలో దొరికేదాకా అది దిగేది కాదు. బాణీ కావాలి, మాట వద్దు అన్నట్టు! గోండి, కోయ, కొలామి పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లు ఈ భాగాన్ని తరగతిలో చదివి వినిపించవచ్చు. పిల్లలు ఏమంటారో వినాలి.

1903లో ఫ్రాన్స్ ప్రభుత్వం మతసభల బడులను మూయించే పనిలో ఉండగా ఈ బ్రదర్స్ మన దేశంలో అడుగు పెట్టారు. తమ ఊళ్లలో బడి మూతపడ్డ పంతుళ్లు వాళ్లు. మన గూడెంలో మొదటి బడి ఎవరి పందిరి కింద మొదలైందో, ఆ పంతులు ఏ ఊరి నుంచి నడిచి వచ్చాడో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వచ్చే సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవచ్చు.