గురుత్వమాపనము: బీరు తయారీలో అంచనాకును ఫలితమునకును గల చరిత్ర

పదునెనిమిదవ శతాబ్ది మధ్యభాగము వఱకు ఇంగ్లండులో బీరు కాచువారికి, మొలకెత్తించి ఎండించిన బార్లీని, అనగా మాల్టును, వేడినీట నానవేసి తీసిన కషాయమెంత చిక్కనిదో తెలిసికొనుటకు నాలుకయు, వ్రేళ్లకంటు జిగటయు, అనుభవమును దక్క వేఱు ప్రమాణము లేకుండెను. ఇంత ధాన్యమునకిన్ని పీపాలను వాడుకయే వారి గణితము. ధాన్యములోని చక్కెర ఎంత నీటిలోనికి దిగెనో, ఎంత పిప్పిలో నిలిచిపోయెనో చెప్పగల సాక్ష్యము వారికి దొరకలేదు.

హాంప్‌షైరులోని ఆల్టన్ పట్టణమున తండ్రి కర్మాగారములో పనిచేయుచుండిన జేమ్స్ బేవర్‌స్టాక్ 1770 ప్రాంతమున ద్రవసాంద్రతను కొలుచు హైడ్రోమీటరును ఆ కషాయమున తేల్చి చూడసాగెను. క్రొత్త పనిముట్లు తండ్రికి గిట్టకపోవుటచే ఆ పరీక్షలు చాటుగా జరిగినవి. హల్ నగరవాసి జాన్ రిచర్డ్‌సన్ 1784లో కషాయమునకై గుర్తులు వేసిన హైడ్రోమీటరగు శాకరోమీటరును గూర్చి గ్రంథము ప్రకటించి, పీపాడు కషాయము పీపాడు నీటికంటె ఎన్ని పౌండ్లధికముగ తూగునో ఆ సంఖ్యయే ధాన్యసారమునకు కొలతయని నిరూపించెను. పిమ్మట ఇంపీరియల్ గాలను స్థిరపడగా, 36 గాలనుల పీపాలోని నీరు 360 పౌండ్లు తూగుననియు, విశిష్టగురుత్వము (నీటితో పోల్చిన సాంద్రత) 1.055 గల కషాయము అంతకు 19.8 పౌండ్లు మిక్కిలియనియు లెక్క కుదిరెను.

ఈ కొలత వ్యాపారమునే మార్చివేసెను. పోర్టరు అను నల్లబీరునకు లండనులో వాడుచుండిన గోధుమవన్నె మాల్టు వెలకు చౌకయైనను సారమునకు పేదదనియు, లేతవన్నె మాల్టు వెల హెచ్చైనను అది ఇచ్చు సారమును బట్టి చూడగా అదియే చౌకయనియు తేలినంతనే, కర్మాగారములు లేతమాల్టువైపు మొగ్గినవి. అట్లు కోల్పోయిన రంగును తిరిగి తెచ్చుటకే 1817లో డేనియల్ వీలర్ నల్లగా వేయించిన మాల్టునకు పేటెంటు పొందెను.

అంచనాను ఫలితముతో పోల్చుట తుదకు శాసనమునకును ఎక్కెను. బ్రిటిషు ప్రధాని గ్లాడ్‌స్టన్ 1880లో మాల్టుపై సుంకము నెత్తివేసి కషాయముపై విధించినప్పుడు, రెండు బుషెళ్ల మాల్టునుండి 1.057 గురుత్వము గల 36 గాలనుల కషాయము రావలెనని చట్టమే ఊహించెను. అధికారి కొలిచిన వాస్తవమొకవైపును, ధాన్యమును బట్టి కట్టిన లెక్క మఱొకవైపును ఉండగా, ఏది యెక్కువైన దానిపై పన్ను పడెడిది.

కర్మాగారముల పిమ్మట ఈ లెక్క ఇండ్లకును చేరెను. బ్రిటనులో 1963లో గృహములందు బీరు కాచుటకు లైసెన్సు తొలగినది; అమెరికాలో 1978 నాటి చట్టము అట్టి స్వేచ్ఛనే ఇచ్చినది. నేడు ఇంట బీరు కాచువారు వాడు కంప్యూటరు ప్రోగ్రాములు చేయునది రిచర్డ్‌సన్ గణితమే: ధాన్యమీయగల సారమును, అందులో రాబట్టగల శాతముచే గుణించి, కషాయపరిమాణముచే భాగించును. 20 లీటర్లకు 1.050 అని ప్రోగ్రాము చెప్పగా 1.044 కనబడినచో, పాత్రలో ద్రవము సుమారు 22.7 లీటర్లున్నదేమో ముందు కొలువవలెను; అట్లున్నచో చక్కెర యంతయు వచ్చినట్లే, నీరు మాత్రము మిగిలినట్లు. పరిమాణము సరియైనదే యైనచో, ధాన్యము ముతకగా నలిగెనో, పిప్పిని చాలినంత కడుగలేదో, కషాయము చల్లారకముందే కొలిచిరో విచారింపవలెను. ఏలయన వేడిద్రవమున హైడ్రోమీటరు లోతుగా మునిగి, గురుత్వమును తక్కువగా చూపును.

కావున ఈ విద్యయందు శ్రద్ధగలవారు సంఖ్య తప్పినదని నిరుత్సాహపడక, ప్రతి కాపునకును ధాన్యపు తూకమును, పరిమాణమును, ఉష్ణోగ్రతను, గురుత్వమును ఒక పుస్తకమున వ్రాసికొని, ప్రోగ్రాములోని శాతమును తమ పాత్రల అనుభవమును బట్టి దిద్దుకొనవలెను. రెండున్నర శతాబ్దులుగ ఈ వృత్తిని ముందుకు నడపినది అట్టి దిద్దుబాటే.